సాధన స్క్రిప్టు రన్ కావట్లేదు, ఒకటి సరిచేస్తే ఇంకో ఎర్రర్

మొదటిమెట్టు · శనివారం రాత్రి 8:52

అందరికీ నమస్కారం. డేటాబేస్ నేర్చుకోవడం మొదలుపెట్టి పది రోజులే అయింది. తరగతి నోట్సులో లైబ్రరీ మీద ఒక సాధన స్క్రిప్టు ఉంది. పుస్తకాలు, సభ్యులు, అరువులు అని మూడు టేబుళ్లు, వాటిలోకి కొన్ని వరుసలు, చివర డేటాను అడిగి చూసే రెండు సెలెక్ట్‌లు. అంతా కలిపి 60 లైన్లు కూడా ఉండదు. పీడీఎఫ్‌లోంచి కాపీ చేసి, నోట్‌ప్యాడ్‌లో పెట్టి, లైబ్రరీ.ఎస్‌క్యూఎల్ అని సేవ్ చేశాను. నాది విండోస్, డేటాబేస్ సాఫ్ట్‌వేర్ మైఎస్‌క్యూఎల్ 8.0.

పవర్‌షెల్ (కమాండ్లు కొట్టే కిటికీ) తెరిచి నోట్సులో ఉన్నట్టే కొట్టాను:

మైఎస్‌క్యూఎల్ -యు రూట్ -పి < లైబ్రరీ.ఎస్‌క్యూఎల్

'<' గుర్తును ముందుముందు వాడకానికి అట్టిపెట్టాం అంటూ ఎర్ర అక్షరాలు వచ్చాయి. పోనీలే అని మైఎస్‌క్యూఎల్ లోపలికి వెళ్లి అక్కడ అదే లైను కొట్టి ఎంటర్ నొక్కాను. ఏమీ జరగలేదు, -> అని ఒక బాణం వచ్చి కూర్చుంది. మళ్లీ ఎంటర్, మళ్లీ బాణం. చివరికి సెమీకోలన్ పెడితే 1064 అంది. సోమవారం ఇది చూపించాలి, టెన్షన్‌గా ఉంది.

(ఫోన్‌లోంచి రాస్తున్నా, తెలుగు కీబోర్డే ఉంది. కమాండ్లు కూడా తెలుగులోనే పడుతున్నాయి, ఏమీ అనుకోకండి.)

పాతసర్వర్ · 9:05

ఏమీ అనుకోం తమ్ముడూ, మేమూ అలాగే రాస్తాం. నువ్వు సిస్టమ్‌లో కొట్టేటప్పుడు మాత్రం ఇంగ్లిష్‌లో కొట్టు.

మొదటి ఎర్రర్ మైఎస్‌క్యూఎల్‌ది కానే కాదు. '<' గుర్తుతో ఫైలును లోపలికి పంపే పద్ధతి పవర్‌షెల్‌లో లేదు. పాత కమాండ్ ప్రాంప్ట్ తెరిచి అదే లైను కొడితే పనిచేస్తుంది.

రెండోది: ఆ లైను విండోస్‌కి చెప్పాల్సిన మాట, నువ్వు మైఎస్‌క్యూఎల్‌కి చెప్పావు. మైఎస్‌క్యూఎల్ లోపల ఉన్నప్పుడు ఫైలు నడపాలంటే సోర్స్ అనే కమాండ్ ఉంది. సోర్స్ అని రాసి పక్కన ఫైలు దారి ఇవ్వు.

బాణం గురించి భయపడకు. "నీ మాట ఇంకా పూర్తి కాలేదు, సెమీకోలన్ కోసం చూస్తున్నా" అని దానర్థం. బాణం బదులు '> అని కనిపిస్తే తెరిచిన కోట్ మూయలేదని. వదిలేసి బయటపడాలంటే \సి కొట్టాలి. కానీ కోట్ తెరిచి ఉండగా \సి అన్నా అది కూడా కోట్ లోపలి అక్షరాల్లో కలిసిపోతుంది. ముందు కోట్ మూసి, తర్వాత \సి.

మొదటిమెట్టు · 9:21

తమ్ముడు కాదండీ, చెల్లెల్ని 🙂

సోర్స్ వాడాను. "ఫెయిల్డ్ టు ఓపెన్ ఫైల్, ఎర్రర్: 2" అంటోంది. ఫైలు డెస్క్‌టాప్ మీద కళ్లెదుట కనిపిస్తూనే ఉంది.

నల్లతెర · 9:26

ఎర్రర్ 2 అంటే ఆ పేరుతో ఆ చోట ఫైలు లేదని. కళ్లెదుట కనిపించేది నిజం పేరు కాకపోవచ్చు. నోట్‌ప్యాడ్‌లో సేవ్ చేశారు కదా, అది చివర .టీఎక్స్‌టీ తగిలించి ఉంటుంది. విండోస్ ఆ తోకను దాచేస్తుంది. ఫోల్డర్ వ్యూ మెనూలో ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్ టిక్ చేసి చూడండి.

ఇంకొకటి, దారిలో \ బదులు / వాడండి. విండోస్‌లో కూడా. \ ఉంటే మైఎస్‌క్యూఎల్ క్లయింట్ దానికి వేరే అర్థాలు తీస్తుంది, ఇప్పుడే పాతసర్వర్ గారు చెప్పిన \సి లాంటివి.

మొదటిమెట్టు · 9:40

నిజంగానే లైబ్రరీ.ఎస్‌క్యూఎల్.టీఎక్స్‌టీ అని ఉంది! పేరు మార్చాను, ఫైలు తెరుచుకుంది. కానీ స్క్రీన్ నిండా ఎర్రర్లు. చివరిది ఇది:

ఎర్రర్ 1146: టేబుల్ 'లైబ్రరీ.అరువులు' డజంట్ ఎగ్జిస్ట్

చూస్తూ_ఉంటా · 9:43

టేబుల్ లేదంటోంది కదా. విడిగా ఒక క్రియేట్ టేబుల్ కొట్టేసి మళ్లీ నడిపితే సరి.

పాతసర్వర్ · 9:50

వద్దు చెల్లీ, ఆగు. క్రియేట్ నీ స్క్రిప్టులో ఉంది కదా. ఉన్నా టేబుల్ ఎందుకు లేదన్నదే ప్రశ్న. దానికి జవాబు పైన ఎక్కడో ఉంటుంది.

'<' తో పంపితే మొదటి ఎర్రర్ దగ్గరే ఆగిపోతుంది. లోపల కూర్చుని సోర్స్ కొడితే ఆగదు, ఒకటి తప్పినా తర్వాతి దానికి వెళ్లిపోతుంది. అందుకే నీకు కనిపించేది చివరి ఎర్రర్, కావలసింది మొదటిది. ఇలా చెయ్యి: సోర్స్ కొట్టే ముందు టీ అని రాసి (తాగే టీ కాదు, టీ-ఈ-ఈ) పక్కన ఏదో ఫైలు పేరు ఇవ్వు. ఇక తెర మీద పడేదంతా ఆ ఫైలులోకీ చేరుతుంది. అయ్యాక నోటీ అంటే ఆగిపోతుంది. ఆ ఫైలు తెరిచి పైనుంచి మొదటి మూడు నాలుగు ఎర్రర్లు ఇక్కడ పెట్టు.

మొదటిమెట్టు · 10:08

టీ పనిచేసింది. లెక్కపెట్టాను, 23 ఎర్రర్లు. మొదటివి:

1064, సింటాక్స్ ఎర్రర్, నియర్ ') డీఫాల్ట్ చార్‌సెట్=లాటిన్1' ఎట్ లైన్ 5
1824, ఫెయిల్డ్ టు ఓపెన్ ది రిఫరెన్స్‌డ్ టేబుల్ 'పుస్తకాలు'
1146, టేబుల్ 'లైబ్రరీ.పుస్తకాలు' డజంట్ ఎగ్జిస్ట్

తర్వాత 1146లు చాలా, మధ్యలో కొన్ని 1054లు, ఇంకొన్ని 1064లు. ఫైలులో 5వ లైను చూస్తే అక్కడ తప్పేమీ లేదు. మొదటి టేబుల్ ఇది:

క్రియేట్ టేబుల్ పుస్తకాలు (
  ఐడీ ఇంట్ అన్‌సైన్డ్ ఆటో_ఇంక్రిమెంట్ ప్రైమరీ కీ,
  పేరు వార్‌చార్(100),
  రచయిత వార్‌చార్(60),
) డీఫాల్ట్ చార్‌సెట్=లాటిన్1;

కామా_కాపలా · 10:11

నా పేరు చూసి పిలిచినట్టుంది. రచయిత లైను చివర కామా ఉంది, తీసేయండి.

లైన్ 5 అంటే ఫైలులో 5వ లైను కాదు, ఆ స్టేట్‌మెంట్ మొదలైన చోటి నుంచి 5వది. నియర్ తర్వాత కోట్స్‌లో చూపించేది తప్పున్న చోటు కాదు, దానికి ఇక అర్థం కాక నిలబడిపోయిన చోటు. కామా చూసి "ఇంకో కాలమ్ వస్తుంది" అని ఎదురుచూస్తుంటే బ్రాకెట్ ఎదురైంది. కాబట్టి నియర్‌లో మొదటి అక్షరం పట్టుకుని, దాని ముందు ఏముందో చూడాలి. 1064లో ఎక్కువ భాగం అక్కడే దొరుకుతుంది. నియర్ తర్వాత ఏమీ లేకుండా ఖాళీ కోట్స్ వస్తే స్టేట్‌మెంట్ మధ్యలోనే అయిపోయిందని, ఏదో బ్రాకెట్ మూయలేదని.

పాతసర్వర్ · 10:16

దీని వల్ల మిగతావి ఎలా పుట్టాయో కూడా చూడు. పుస్తకాలు టేబుల్ తయారు కాలేదు. అరువులు టేబుల్‌లో ఫారిన్ కీ (ఇంకో టేబుల్‌లోని వరుసకి ముడిపెట్టే కాలమ్) ఆ పుస్తకాలనే చూపిస్తోంది, అది లేదు కాబట్టి 1824, అరువులు కూడా తయారు కాలేదు. ఇక వాటిలోకి వేసే ఇన్సర్ట్‌లకు, చివరి సెలెక్ట్‌లకు 1146. ఒక్క కామాకి ఇంత సంతానం. మధ్యలో ఉన్న 1054ల కథ మాత్రం వేరేలా ఉంది, దాని పని తర్వాత.

మొదటిమెట్టు · 10:30

కామా తీశాను, మళ్లీ నడిపాను. ఇప్పుడు మొదటి ఎర్రర్ 1007, డేటాబేస్ ఎగ్జిస్ట్స్. తర్వాత 1050, సభ్యులు టేబుల్ ఆల్రెడీ ఎగ్జిస్ట్స్. ఇంతకుముందు లేదని ఏడ్చింది, ఇప్పుడు ఉందని ఏడుస్తోంది.

అర్ధరాత్రి_బగ్ · 10:34

క్రియేట్ ఉన్న ప్రతిచోటా ఇఫ్ నాట్ ఎగ్జిస్ట్స్ పెట్టేయండి. ఎర్రర్ రాదు.

నల్లతెర · 10:37

ఎర్రర్ రాదు, నిజమే. కానీ పాత టేబుల్ అలాగే ఉండిపోతుంది. స్క్రిప్టులో కాలమ్ మార్చినా, కొత్తది చేర్చినా, అది "టేబుల్ ఉందిగా" అని దాటేస్తుంది. నేను ఒకసారి రెండు గంటలు కాలమ్ రకం మారుస్తూ కూర్చున్నా. టేబుల్‌లో ఏమీ మారలేదు, ఎర్రరూ రాలేదు. సాధన స్క్రిప్టుకి ఇది పనికిరాదు. పైన డ్రాప్ డేటాబేస్ ఇఫ్ ఎగ్జిస్ట్స్ లైబ్రరీ; అని ఒక లైను రాసి ప్రతిసారీ మొదటినుంచి కట్టుకోవడం మేలు.

పాతసర్వర్ · 10:45

కొత్తగా నేర్చుకునేవాళ్లకి డ్రాప్ డేటాబేస్ అలవాటు చేయడం నాకు మనసొప్పదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో నా కళ్లముందే జరిగింది. సాధన కోసం రాసుకున్న స్క్రిప్టు ఒకతను పొరపాటున అసలు సర్వర్ మీద నడిపాడు. పై లైను డ్రాప్. దానికి అన్‌డూ ఉండదు, రోల్‌బ్యాక్ అన్నా వెనక్కి రాదు. ఆ రాత్రి బ్యాకప్‌లోంచి తెచ్చుకునేసరికి తెల్లారింది.

అయినా ఈ సందర్భంలో నల్లతెర చెప్పిందే సరి, ఎందుకంటే ఉన్నది నీ సొంత సిస్టమ్, పోయేది నీ ఆరు పుస్తకాలే. పెట్టు. డేటాబేస్ పేరు మాత్రం సాధన_లైబ్రరీ అని మార్చుకో. అప్పుడు ఏ రోజైనా తప్పుచోట నడిపినా పోయేది ఆ పేరున్నదే.

మొదటిమెట్టు · 10:58

పెట్టాను. పుస్తకాలు, సభ్యులు వచ్చాయి. అరువులు దగ్గర 3780: రిఫరెన్సింగ్ కాలమ్ 'పుస్తకం_ఐడీ', రిఫరెన్స్‌డ్ కాలమ్ 'ఐడీ' ఇన్‌కంపాటిబుల్. రెండూ ఇంట్‌లే కదా?

కామా_కాపలా · 11:01

ఒకటి ఇంట్, ఇంకొకటి మైనస్ అంకెలు పట్టని ఇంట్ అన్‌సైన్డ్. మీరు పైన పెట్టిన టేబుల్‌లో ఐడీ పక్కన అన్‌సైన్డ్ ఉంది. అరువుల్లో పుస్తకం_ఐడీ పక్కన లేకపోయి ఉంటుంది. ఫారిన్ కీ కట్టాలంటే పూర్ణసంఖ్యల పరిమాణం, సైన్ రెండూ ఒక్కలా ఉండాలి. వార్‌చార్‌కి పొడవు వేరైనా ఒప్పుకుంటుంది, అంకెల దగ్గర ఒప్పుకోదు.

అర్ధరాత్రి_బగ్ · 11:06

ఇదే తప్పుకి నాకు 3780 ఎప్పుడూ రాలేదు. 1005, ఎర్ర్‌నో 150, ఫారిన్ కీ ఇన్‌కరెక్ట్‌లీ ఫార్మ్‌డ్ అని వచ్చేది. కారణం చెప్పేది కాదు.

నల్లతెర · 11:10

మీది జాంప్ అనే రెడీమేడ్ ప్యాకేజీతో వచ్చింది అయ్యుంటుంది. అందులో ఉండేది మరియాడీబీ. ప్రాంప్ట్‌లోనే ఆ పేరు కనిపిస్తుంది చూడండి. మైఎస్‌క్యూఎల్‌లోంచి 2009లో విడిపోయిన శాఖ అది. చాలావరకు ఒకటే అయినా ఎర్రర్ మాటలు, కొన్ని అంకెలు వేరు. 8.0లో తీసిన బ్యాకప్‌ను పాత మరియాడీబీలో నడిపితే 1273, అన్‌నోన్ కొలేషన్ యూటీఎఫ్8ఎంబీ4_0900_ఏఐ_సీఐ అని వచ్చేది కూడా ఇందుకే. ఫైలులో ఆ కొలేషన్ (అక్షరాలను పోల్చే, వరుసపెట్టే పద్ధతి) పేరు బదులు యూటీఎఫ్8ఎంబీ4_యూనికోడ్_సీఐ అని మార్చుకుంటే నడుస్తుంది. కాబట్టి ఎర్రర్ వెతికేటప్పుడు ముందు సెలెక్ట్ వర్షన్(); కొట్టి మీదేదో చూసుకోండి.

మొదటిమెట్టు · 11:19

అన్‌సైన్డ్ చేర్చాను. మూడు టేబుళ్లూ వచ్చాయి!!

ఇప్పుడు మిగిలింది ఇన్సర్ట్‌లు. ఇది నాకు అస్సలు అర్థం కావట్లేదు. పక్కపక్కనే ఉన్న రెండు లైన్లు, ఒకేలా రాసినవి:

ఇన్సర్ట్ ఇంటూ సభ్యులు (పేరు) వాల్యూస్ (‘సుజాత’);
ఇన్సర్ట్ ఇంటూ సభ్యులు (పేరు) వాల్యూస్ (‘వెంకట రమణ’);

మొదటిదానికి 1054, అన్‌నోన్ కాలమ్ '‘సుజాత’'. రెండోదానికి 1064, నియర్ 'రమణ’)'. సుజాత కాలమ్ అని నేనెక్కడ అన్నాను?

కామా_కాపలా · 11:22

పాతసర్వర్ గారు పక్కన పెట్టిన 1054లు ఇవే. మీ పోస్టులో కోట్స్‌ని దగ్గరగా చూడండి. సుజాత ముందున్నది ‘ , వెనకున్నది ’ . వంకీ తిరిగి ఉన్నాయి. మైఎస్‌క్యూఎల్‌కి కావలసింది నిటారుగా ఉండే ' . పీడీఎఫ్‌లు, వర్డ్ ఫైళ్లు అందం కోసం వంకీ కోట్స్ పెడతాయి.

పాతసర్వర్ · 11:31

ఒకే తప్పుకి రెండు రకాల ఎర్రర్లు ఎందుకన్నది తెలుసుకోదగ్గ సంగతి. మైఎస్‌క్యూఎల్‌లో కాలమ్ పేర్లు, టేబుల్ పేర్లు ఇంగ్లిష్ అక్షరాల్లోనే ఉండాలని లేదు. యూనికోడ్ అక్షరాలు చాలావరకు చెల్లుతాయి, కాలమ్‌కి తెలుగు పేరు పెట్టినా ఒప్పుకుంటుంది. వంకీ కోట్ కూడా దాని కంటికి మామూలు అక్షరమే. కాబట్టి ‘సుజాత’ అన్నది వంకీలతో సహా ఒక పేరు. కోట్స్ లేని పేరు కనిపిస్తే అది కాలమ్ అనుకుంటుంది, అలాంటి కాలమ్ లేదు, 1054.

వెంకట రమణ మధ్యలో ఖాళీ ఉంది. ‘వెంకట దగ్గర ఒక పేరు అయిపోయింది. దాని తర్వాత కామా గానీ బ్రాకెట్ గానీ రావాలి, రమణ’ వచ్చింది. వాక్యమే తప్పయింది, 1064. నియర్‌లో 'రమణ’ నుంచి ఎందుకు చూపించిందో ఇప్పుడు తెలిసిందిగా.

నోట్‌ప్యాడ్‌లో రీప్లేస్ తెరిచి రెండు వంకీలనూ విడివిడిగా మార్చెయ్యి.

చూస్తూ_ఉంటా · 11:34

నేనూ ఇదే స్క్రిప్టు నడుపుతున్నా. నాకు 1452, కెనాట్ యాడ్ ఆర్ అప్‌డేట్ ఎ చైల్డ్ రో అని వస్తోంది.

నల్లతెర · 11:36

అరువులో 7వ పుస్తకం అన్నారనుకోండి, పుస్తకాల్లో 7 లేకపోతే అదే వస్తుంది. ముందు పుస్తకం, సభ్యుడు, ఆ తర్వాతే అరువు. ఆ ఐడీ నిజంగా ఉందో లేదో సెలెక్ట్ చేసి చూసుకోండి.

మొదటిమెట్టు · 11:52

వంకీ కోట్స్ అన్నీ పోయాయి. ఇంగ్లిష్‌లో ఉన్న రెండు పుస్తకాలు చేరాయి. తెలుగు పేర్లున్న వాటికి 1366, ఇన్‌కరెక్ట్ స్ట్రింగ్ వాల్యూ '\ఎక్స్ఈ0\ఎక్స్బీ0...'. సభ్యుల పేర్లకీ అదే. అరువుల్లో 1292 అని తేదీల మీద ఇంకేదో. తెలుగు ఒప్పుకోదా?

చూస్తూ_ఉంటా · 11:55

దీనికి సులువు ఉంది. సెట్ సెషన్ ఎస్‌క్యూఎల్_మోడ్=''; అని కొట్టి నడపండి. నాకు ఒకసారి అన్ని ఎర్రర్లూ పోయాయి.

మొదటిమెట్టు · ఆదివారం ఉదయం 12:03

పోయాయి! ఒక్క ఎర్రర్ కూడా లేదు! అందరికీ ధన్యవాదాలు 🙏🙏

మొదటిమెట్టు · 12:09

మళ్లీ నేనే. సెలెక్ట్ కొట్టి చూశా. తెలుగు పుస్తకాల పేర్లన్నీ ????? అని ఉన్నాయి. తేదీలన్నీ 0000-00-00.

పాతసర్వర్ · 12:20

అవి పోయినవి ఎర్రర్లు కాదు, నీ డేటా. ఆ మోడ్‌లో ఉండేది కాపలా. దాన్ని ఖాళీ చేస్తే, తనకు పట్టని అక్షరం వచ్చినప్పుడు ఆపకుండా ప్రశ్నార్థకం రాసి పంపేస్తుంది. చెల్లని తేదీ వస్తే సున్నాలు రాసి పంపేస్తుంది. కింద వార్నింగ్స్ అని ఒక అంకె వస్తుంది, దాన్ని ఎవరూ చూడరు. షో వార్నింగ్స్ కొడితే అదే 1366 అక్కడ కనిపించేది. బయటికి వెళ్లి మళ్లీ లోపలికి రా, మోడ్ మామూలుకి వస్తుంది.

ఇప్పుడు అసలు సంగతి. మొదటి పోస్టుల్లో నువ్వు పెట్టిన టేబుల్ చివర డీఫాల్ట్ చార్‌సెట్=లాటిన్1 ఉంది చూడు. లాటిన్1 పశ్చిమ యూరప్ భాషల అక్షరాల పట్టిక, ఒక్కో అక్షరానికి ఒకటే బైటు. అందులో తెలుగుకి చోటు లేదు. 5.7 వరకు మైఎస్‌క్యూఎల్‌లో అదే డీఫాల్ట్‌గా ఉండేది, 8.0 నుంచి యూటీఎఫ్8ఎంబీ4 అయింది. నీ నోట్సు పాతవి అయ్యుంటాయి. టేబుళ్ల చివర ఆ ముక్క తీసెయ్, లేదా యూటీఎఫ్8ఎంబీ4 అని మార్చు. స్క్రిప్టు పైన సెట్ నేమ్స్ యూటీఎఫ్8ఎంబీ4; అని కూడా ఒక లైను పెట్టు. నువ్వు పంపే బైట్లు ఏ లెక్కలో ఉన్నాయో సర్వర్‌కి చెప్పే మాట అది. నోట్‌ప్యాడ్‌లో సేవ్ చేసేటప్పుడు ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8 ఉందో లేదో చూసుకో.

నల్లతెర · 12:31

చిన్న చేర్పు. అన్నీ సరిగ్గా చేసినా విండోస్ నల్లతెర మీద తెలుగు డబ్బాలుగానో, ఒత్తులు విడిపోయో కనిపించవచ్చు. అది తెర ఫాంటు గొడవ. డేటా బాగుందో లేదో తేల్చుకోవాలంటే కంటిని నమ్మకండి. సెలెక్ట్ హెక్స్(పేరు) ఫ్రమ్ పుస్తకాలు; కొట్టండి, లోపలున్న బైట్లు కనిపిస్తాయి. తెలుగు అక్షరాలైతే ప్రతి మూడు బైట్లకీ ఈ0బీ0 అనో ఈ0బీ1 అనో మొదలవుతుంది. 3ఎఫ్3ఎఫ్3ఎఫ్ అని వస్తే అవి నిజమైన ప్రశ్నార్థకాలే. అక్షరాలు పోయినట్టే, మళ్లీ వేసుకోవాలి.

ఇంకో తమాషా: 'కథలు' అన్న మాటకి చార్_లెంగ్త్ 4 అంటుంది, లెంగ్త్ 12 అంటుంది. కంటికి మూడు అక్షరాలు, కొమ్ముకి విడిగా లెక్క, ఒక్కోదానికి మూడు బైట్లు. వార్‌చార్(60) లో 60 అన్నది ఈ మొదటి లెక్క. గుణింతాలు, ఒత్తులు ఎక్కువున్న పేరు అనుకున్నదానికన్నా ముందే 1406, డేటా టూ లాంగ్ అనిపించుకుంటుంది.

మొదటిమెట్టు · 12:44

లాటిన్1 తీసేశాను, సెట్ నేమ్స్ పెట్టాను. హెక్స్‌లో ఈ0బీ0 వచ్చింది! పుస్తకాలు 6, సభ్యులు 5, అన్నీ చేరాయి. మోడ్ కూడా మామూలుదే.

మిగిలింది అరువులు. 1292, ఇన్‌కరెక్ట్ డేట్ వాల్యూ: '2000'. దాని కింద లైనుకి '1998'. నా స్క్రిప్టు మొత్తంలో 2000 అన్న అంకే లేదు, వెతికి చూశా. ఆ లైన్లలో ఉన్న తేదీలు 2024-06-18, 2024-06-20.

అర్ధరాత్రి_బగ్ · 12:47

ఇదేదో చేతబడిలా ఉంది.

కామా_కాపలా · 12:49

తేదీల చుట్టూ కోట్స్ ఉన్నాయా?

మొదటిమెట్టు · 12:51

లేవు. వంకీ కోట్స్ మార్చేటప్పుడు వాటికి తీసేశా. అంకెలకి కోట్స్ అక్కర్లేదని క్లాసులో చెప్పారు.

కామా_కాపలా · 12:52

2024లోంచి 6 తీసేయండి. అందులోంచి 18 తీసేయండి.

మొదటిమెట్టు · 12:53

అయ్యో 😂

2000.

పాతసర్వర్ · 12:58

కోట్స్ లేకపోతే మధ్యలో గీతలు తీసివేత గుర్తులు. అంకెలకి కోట్స్ అక్కర్లేదన్నది నిజమే, కానీ తేదీ అంకె కాదు. ఏడాది-నెల-రోజు వరసలో, కోట్స్ లోపల రాయాలి. 18-06-2024 అని మన అలవాటులో రాసినా 1292 వస్తుంది. తిరిగివ్వని పుస్తకాలకి నల్ అని ఉంటుంది చూడు, దానికి మాత్రం కోట్స్ పెట్టకు. పెడితే అది నాలుగు అక్షరాల మాట అయిపోతుంది.

మొదటిమెట్టు · 1:10

8 అరువులూ చేరాయి. టీ ఫైలులో ఎర్రర్ అన్న మాటే లేదు, ఈసారి వార్నింగ్స్ కూడా చూశాను, 0. టేబుళ్లను కలిపే జాయిన్ పెట్టిన మొదటి సెలెక్ట్‌కి 8 వరుసలు వచ్చాయి. రెండోది ఇంకా తిరిగివ్వని పుస్తకాలు, దానికి ఎంప్టీ సెట్. అయిపోయినట్టే కదా, పడుకోనా?

నల్లతెర · 1:13

తిరిగివ్వనివి ఎన్ని వేశారు?

మొదటిమెట్టు · 1:15

మూడు. ఓ. మూడు రావాలి కదా.

... వేర్ తిరిగిచ్చిన_తేదీ = నల్;

ఎర్రర్ ఏమీ లేదు మరి.

నల్లతెర · 1:19

ఎర్రర్ రాదు. అది తప్పు వాక్యం కాదు, ఎప్పటికీ నిజం కాని వాక్యం. నల్ అంటే విలువ తెలియదని. తెలియనిదాన్ని ఏ విలువతో పోల్చినా, ఇంకో తెలియనిదాంతో పోల్చినా, జవాబు తెలియదు అనే. వేర్ దగ్గర నిజం అని తేలిన వరుసలే బయటికొస్తాయి. సెలెక్ట్ నల్ = నల్; కొట్టి చూడండి, 1 రాదు, 0 కూడా రాదు, నల్ అనే వస్తుంది. = నల్ బదులు ఈజ్ నల్ అని రాయండి.

మొదటిమెట్టు · 1:24

మూడు వచ్చాయి.

ఇప్పుడు నోట్సు తెరిచి చూస్తే ఆ క్వెరీ కింద "ఫలితం: ఎంప్టీ సెట్" అని అచ్చు వేసి ఉంది. అందుకే సరిగ్గానే వచ్చిందనుకున్నా.

కామా_కాపలా · 1:26

నాకొక్కటే కావాలి. ఆ రచయిత లైను చివరి కామా నోట్సులోదేనా, కాపీ చేసేటప్పుడు మీరు పెట్టిందా?

మొదటిమెట్టు · 1:28

నోట్సులోనే ఉందండీ. పక్కన ఎవరో పెన్సిల్‌తో ప్రశ్నార్థకం కూడా పెట్టారు, ఇప్పుడే చూశాను.